నేల దగ్గర ఆగే బొమ్మ

కెప్టెన్ గారు పోయారన్న మాట యూసుఫ్‌గూడ ప్లైవుడ్ డిపోలో నా చెవిన పడింది. షీటు అంచు వంగిందేమోనని కన్ను పెట్టి చూస్తున్నాను. డిపో ఆయన ఫోను పెట్టేసి, "మేస్త్రీ, మీ పైలెట్ సాబ్ పొద్దుగాల పోయిండట" అన్నాడు. షీటు గోడకు ఆనించి బయటికొచ్చేశాను. ఏ షీటు కావాలో ఆ రోజు చెప్పనే లేదు.

శ్రీనగర్ కాలనీలో ఆయన అక్కగారి ఇల్లు. ముందు గదిలో పడుకోబెట్టారు. సినిమావాళ్ళు కొందరు వచ్చారు. మా నిర్మాత గారి ఆఫీసు నుంచి పెద్ద దండ వచ్చింది. దండకి రిబ్బను, రిబ్బను మీద బ్యానరు పేరు. పోయినాయన పేరుకి చోటు చాల్లేదు కాబోలు. తర్వాత నిర్మాత గారే వచ్చారు. నల్ల కళ్ళద్దాలు తీయకుండానే దణ్ణం పెట్టి, "మా లక్కీ మనిషండీ ఈయన" అని పక్కవాళ్ళతో అన్నారు. టీ వచ్చేలోపు కారెక్కారు.

గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నేత చీర, చేతిలో గొడుగు. జనం కాస్త పలచబడ్డాక లోపలికి వచ్చి ఆయన ముఖం చూసింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. చుట్టాలావిడ అనుకున్నారు అందరూ. చుట్టం కాదు, ఆవిడెవరో అక్కగారు తర్వాత నాకు చెప్పారు. ఆవిడకి కెప్టెన్ గారు ఒక జవాబు చెప్పాల్సి ఉంది. చెప్పకుండానే పోయారు. నాకు తోచిన నాలుగు ముక్కలూ ఆ జవాబు గురించే.

నేను సెట్టింగులు కట్టే వడ్రంగిని. తెనాలి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. మద్రాసు స్టూడియోల్లో పని నేర్చుకున్నాను. సినిమా ఇటు కదిలినప్పుడు దాని వెనకాలే హైదరాబాదు వచ్చాను. కట్టడం, పడగొట్టడం నా పని. నేను కట్టిన కోటల్లో ఒక్కటి కూడా ఇవాళ నిలబడి లేదు. అందుకు బాధ కూడా లేదు. ఒక్క విమానం సంగతి వేరు.

మా నిర్మాత గారి సినిమా ఒకదానికి చివరి సన్నివేశం విమానంలో పెట్టారు. పైలెట్ స్పృహ తప్పుతాడు, హీరో విమానాన్ని దించుతాడు. దానికోసం విమానం ముందు భాగం, పైలెట్లు కూర్చునే కాక్‌పిట్టు, ప్లైవుడ్‌తో కట్టాను. ఎలా ఉండాలో చెప్పడానికి ఒకాయన్ని పిలిపించారు. బేగంపేటలో విమానం నడపడం నేర్పిన మనిషి, ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు అన్నారు. పొట్టి చేతుల తెల్ల చొక్కా, కత్తిలాంటి ఇస్త్రీ మడత. నేను కట్టినదాని చుట్టూ తిరిగి, చెక్క మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశారు.

"ఎవరు కట్టిన్రు దీన్ని?"

"నేనేనండీ."

"చెయ్యి మంచిగున్నది. కని గీ కిటికీలేంది మేస్త్రీ, పెండ్లి పందిరి లెక్క? పైలెట్‌కు నేల కనపడాలె."

"హీరో ముఖం కనపడాలన్నారండీ కెమెరావాళ్ళు."

"అయితే హీరోను నేల మీదనే ఉంచుమను."

నాకు నవ్వొచ్చింది. సెట్లో నవ్వడం నాకు అలవాటు లేదు. ఆయన చూశారు. మర్నాటి నుంచి టీ వచ్చినప్పుడల్లా "మేస్త్రీకిచ్చిన్రా?" అని అడిగాకే తన కప్పు అందుకునేవారు. నన్ను అలా అడిగిన మనిషి అంతకుముందు లేడు.

షూటింగులో హీరో ఆర్టీసీ బస్సు తిప్పినట్టు తిప్పాడు. కెప్టెన్ గారు లేచి, "గట్ల తిప్పితే అందరు చస్తరు బాబూ" అన్నారు. డైరెక్టరు గారు, "జనానికి తిప్పుతున్నట్టు కనపడాలి సార్" అన్నారు. "తిప్పుకోన్రి" అని వచ్చి నా పనిబల్ల మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "పైన అందరు పైలెట్లే మేస్త్రీ. నేల దగ్గరికొస్తే తెలుస్తది."

సినిమా వందరోజులు ఆడింది. మామూలుగా అయితే ఆ సెట్టు పీకేయాలి. నిర్మాత గారు పీకనివ్వలేదు. కలిసొచ్చిందన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఆఫీసు వెనక, బండరాళ్ళ పక్కన రేకుల షెడ్డు ఉంది. చెక్క విమానాన్ని మోయించి అక్కడ పెట్టించారు. పక్కనే, ఆ సినిమా టైటిళ్ళ కోసం కొన్న కంప్యూటర్. అది వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, డబ్బాకి పసుపు రాసి మూడు బొట్లు పెట్టారు. సినిమా ఆడాక ఆ డబ్బా కూడా దేవుడే. శుక్రవారం శుక్రవారం రెంటికీ కలిపి హారతి. కెప్టెన్ గారు కూడా కలిసొచ్చిన సామాన్ల లెక్కలోకే వెళ్ళారు. ప్రతి ముహూర్తానికీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టేవారు. పని మాత్రం ఇచ్చింది లేదు.

ఆయన అడిగింది ఒక్కటే. మధ్యాహ్నాలు వచ్చి ఆ కాక్‌పిట్టులో కూర్చోనివ్వమన్నారు. పాత శిష్యుడెవరో విమానం నడిపే కంప్యూటర్ ఆట ఫ్లాపీల్లో పెట్టి ఇచ్చాడట. నిర్మాత గారు "మీదే అనుకోండి సార్" అన్నారు. నేను హీరో కిటికీలు కోసేసి, ఆయన చెప్పిన కొలతకి ముందు అద్దం తెరిచాను. అద్దం వెనక కంప్యూటర్ తెర పెట్టాను. విమానం తిప్పడానికి చేత్తో పట్టుకునే పుల్ల ప్లాస్టిక్‌ది, బొమ్మలా ఉంది. దానికి నల్లమద్దితో పిడి చేసి తొడిగాను. ఆయన పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇక రోజూ అదే. చెక్క మీద రెండుసార్లు కొట్టి ఎక్కేవారు. కళ్ళజోడు తుడిచేవారు. ఇంజను మొదలుపెట్టే ముందు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "క్లియర్!" అని అరిచేవారు. షెడ్డులో ఉండేది నేనూ, వాచ్‌మన్ కుక్కా. కుక్క లేచి పక్కకి వెళ్ళేది. జూబ్లీహిల్స్ వైపు ఇళ్ళకోసం బండలు పేలుస్తుంటే చెక్కంతా అదిరేది. "మబ్బులల్లకు పోయినం, కూసో మేస్త్రీ" అనేవారు.

నేను ముసలివాడి ఆట అనుకున్నాను. ఒకరోజు వానకి షూటింగు ఆగిపోతే షెడ్డులో చెప్పారు.

ఆయన దగ్గర ఒక అమ్మాయి నేర్చుకునేదట. బ్యాంకులో ఉద్యోగం. సెలవు రోజుల్లో వచ్చేది. ఒకసారి దిగుతున్నప్పుడు పక్కనుంచి గాలి కొట్టింది. విమానం అమ్మాయి చేతుల్లో ఉంది. పక్క సీట్లో ఈయన. విమానం ఒరిగి నేలకి కొట్టుకుంది. అమ్మాయి దక్కలేదు. ఈయన తలకి దెబ్బ. అమ్మాయి భయపడి పిడి వదిలేసిందని, గురువు ఆలస్యంగా చెయ్యి వేశాడని విచారణలో తేల్చారు. ఈయన్ని తీసేశారు.

"ఆలస్యమైందో, అసలు టైమే లేకుండెనో నాకు యాదికి లేదు మేస్త్రీ. గాలి కొట్టింది యాదున్నది. దవాఖాన యాదున్నది. నడుమల లేదు."

అమ్మాయి తల్లి దవాఖానకి వచ్చిందట. తిట్టలేదు. ఏడవలేదు. "మీరు పట్టుకోడానికి టైముందా బాబూ?" అని అడిగింది. "తెలియదమ్మా" అన్నారు ఈయన. "తెలిసినప్పుడు చెప్పండి" అని వెళ్ళిపోయింది.

అందుకే ఆ ఆట. అందులో మన బేగంపేట లేదు. తూర్పూ పడమరా రన్‌వే ఉన్న పరాయి ఊరు ఒకటి వెతికి పట్టుకున్నారు. దానికే బేగంపేట అని పేరు పెట్టుకున్నారు. ఎడమవైపు నుంచి గాలి పెట్టేవారు. ఆ రోజు ఉన్న గాలే. అమ్మాయి వదిలేసినట్టు పిడి వదిలేసి, మళ్ళీ పట్టుకుని, విమానం నిలబడుతుందా లేదా చూడాలి. అదే ఆయన పని.

"ఆటతోటి తెలుస్తదాండీ?" అన్నాను.

"ఆటనే అని నాకూ ఎర్కే. కని చెయ్యికి ఎర్కయితది. చెయ్యి మరిచిపోదు మేస్త్రీ."

తెలియనివ్వంది ఆ కంప్యూటరే. ఆకాశంలో బాగానే ఉండేది. నేల దగ్గర పడేకొద్దీ, ఇళ్ళూ రోడ్లూ రన్‌వే గీతలూ కనపడేకొద్దీ, బొమ్మ ఆగిపోయేది. ఆగి, ఒక్కసారి ఎగిరి దూకేది. దూకేసరికి విమానం నేల మీద ముక్కలై ఉండేది. ఆయనకి కావలసిన ఆ నడిమి క్షణమే బొమ్మలో ఉండేది కాదు. "మళ్ల గదే జాగ" అని పిడి వదిలేసేవారు. పిడి మీద చెమట నేను తుడిచేవాణ్ణి.

వెంగళరావు నగర్‌లో కంప్యూటర్లు బిగించే మేడమ్ ఒకావిడ ఉంది. టైటిళ్ళ పనికి ఆఫీసుకి వచ్చేది ఆవిడే. కెప్టెన్ గారు పిలిపించారు. డబ్బా మూత తీసి చూసింది.

"ఇది ఫోర్ ఎయిటీ సిక్సే గానీ సార్, ఎస్ఎక్స్ రకం. పెద్ద లెక్కలు చేసే భాగం ఇందులో లేదు. వేగమూ తక్కువే. ఉత్తరాలు టైపు చేసుకోడానికి చాలు."

"మెమరీ పెంచితే?"

"నాలుగు ఎంబీ ఉంది. ఎనిమిది చేస్తే ఆ డిస్కు గరగరమనడం పోతుంది. నేల దగ్గర బొమ్మ ఆగేది దానివల్ల కాదు. అక్కడ గీయాల్సినవి ఎక్కువ, లెక్క ఎక్కువ. డీఎక్స్ టూ ప్రాసెసర్ వేద్దాం. ఇదే బోర్డులో కూర్చుంటుంది."

"పెంటియమో?"

"దానికి బోర్డే మార్చాలి. అది కొత్త మిషన్ కొన్నట్టే. రెండూ చేయిస్తే మంచిది సార్, ప్రాసెసరూ మెమరీ. ఒక్కటే అంటే మాత్రం ముందు ప్రాసెసర్."

నేను అయోమయంగా చూస్తుంటే నా వైపు తిరిగింది. "మేస్త్రీ గారూ, మెమరీ అంటే మీ పనిబల్ల. పెద్దదైతే సామాను మాటిమాటికీ లోపల్నుంచి తెచ్చుకోనక్కర్లేదు. ప్రాసెసర్ మీ చెయ్యి. బల్ల పెంచితే చెయ్యి వేగం పెరుగుతుందా?"

"పెరగదమ్మా" అన్నాను. అయిదో తరగతి చదివిన నాకే అర్థమైంది.

అప్పటిదాకా సర్దుకోడానికి ఇంకో దారి కూడా చెప్పింది. ఆటలో ఇళ్ళూ రోడ్లూ తీసేయమంది. తీసేస్తే బొమ్మ కొంచెం నయంగా కదిలింది. కెప్టెన్ గారు ఒకసారి దింపి చూసి తల అడ్డంగా ఊపారు. "ఇండ్లు లేకుంటే ఎంత మీదున్ననో ఎట్ల తెలుస్తది అమ్మా? ఉత్త పచ్చ గుడ్డ పరిచినట్టున్నది." మళ్ళీ అన్నీ పెట్టించారు.

నిర్మాత గారితో మాట్లాడిన రోజు నేనూ ఉన్నాను. ప్రాసెసర్ మార్చాలని మేడమ్ చెప్పగానే ఆయన కుర్చీలో ముందుకి వంగారు.

"ప్రాసెసర్ అంటే మెదడే కదమ్మా?"

"అవును సార్."

"ఆ మెదడుతోనే కదా సినిమా ఆడింది! దాన్ని పీకేస్తానంటావేంటి? నాలుగూ ఎనిమిదీ ఆరూ ఎంతమ్మా? పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. నా నంబరు."

"కొత్తది కూడా ఫోర్ ఎయిటీ సిక్సే సార్. అదే తొమ్మిది."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది.

"కానీ కొబ్బరికాయ కొట్టింది దీనికి కదా" అన్నారు. "ఆ మెమరీ ఏదో వెయ్యండి. ఉన్నదానికి కలపడంలో తప్పులేదు. ఉన్నది తీయకూడదు."

కెప్టెన్ గారు ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగారు. "సాబ్, నాకు పని ఉన్నది దాంతోటి." నిర్మాత గారు నవ్వి భుజం తట్టారు. "మీకేం పని సార్, హాయిగా ఆడుకోండి. నెక్స్ట్ పిక్చరుకి మొత్తం కొత్త మిషనే కొంటాం."

రాహుకాలం పోయాక మెమరీ వేశారు. సన్నటి పలకలు, నాలుగూ ఒకేసారి వేయాలట. ప్రాసెసర్ జోలికి పోకుండా వేసింది మేడమ్. గరగర తగ్గింది. ఆట త్వరగా మొదలైంది. కెప్టెన్ గారి ముఖంలో వెలుగు వచ్చింది. "క్లియర్!" అని ఎప్పటికంటే గట్టిగా అరిచారు. ఎక్కారు, తిరిగారు, దిగుతున్నారు. ఇళ్ళు కనపడ్డాయి. బొమ్మ ఆగింది. దూకింది.

ఆయన పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నారు. మేడమ్ నెమ్మదిగా అంది. "సార్, నిర్మాత గారు లేనప్పుడు వేసేస్తాను. చిప్పు నా దగ్గరుంది. మూత మూస్తే ఎవరికి తెలుస్తుంది?"

"వద్దమ్మా. ఎవని బండికి వాని పర్మిషన్ ఉండాలె. గదే నేర్పిన అందరికి."

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన మీదే. బొట్టు పెట్టిన రాయికి ఉన్న విలువ ఆయనకి ఇవ్వని మనిషి దగ్గర పర్మిషనేంటి? కానీ ఆయన అంతే. ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "మెషీన్ తప్పయితే మెషీన్‌ది అని చెప్పాలె. మనిషి తప్పయితే మనిషిది అని చెప్పాలె. రెండు కలిపి దేవుని మీద ఎయ్యొద్దు."

నెక్స్ట్ పిక్చరు వచ్చింది, పోయింది. ఆడలేదు. దాని తర్వాతదాని రీళ్ళ పెట్టెలు వారానికే తిరిగొచ్చాయన్నారు. సినిమా పోయినకొద్దీ నిర్మాత గారికి ఆ డబ్బా మీద భక్తి పెరిగింది. మూత కూడా తీయొద్దన్నారు. దుమ్ము తుడవాలంటే వాచ్‌మన్ స్నానం చేసి రావాలి. బయట లోకంలో పెంటియంలు కూడా పాతబడ్డాయి. పిల్లలు ఇంటర్నెట్టు అంటున్నారు. కెప్టెన్ గారు అదే డబ్బా ముందు, అదే గాలిలో, ఆగే బొమ్మలోకి దిగుతూనే ఉన్నారు. సంవత్సరాలు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చెయ్యి వణకడం మొదలైంది.

ఒకరోజు నేను టేకు పలకకి చిత్రిక పడుతుంటే వచ్చి నిలబడ్డారు. "చెయ్యి బిగిస్తున్నవ్ మేస్త్రీ. మెత్తగ పట్టు. చెక్కనే చెప్తది ఎటు పోవాల్నో." నలభై ఏళ్ళుగా పడుతున్నాను చిత్రిక. ఆ రోజు మెత్తగా పట్టి చూశాను. పొర కాగితంలా లేచింది. ఇప్పటికీ అలాగే పడతాను. ఆయన దగ్గర నేర్చుకున్న విమాన విద్య నాకు అదొక్కటే.

ఈ మధ్య రావడం తగ్గించారు. చివరిసారి వచ్చినప్పుడు ఎక్కడానికి నా భుజం పట్టుకున్నారు. దిగేముందు ఆటని సగంలో ఆపి దాచిపెట్టారు. రన్‌వేకి ఎదురుగా, గాలి కొట్టే ముందు. "రేపు గీడికెల్లి మొదలువెడత" అన్నారు. ఆ రేపు రాలేదు.

ఆయనకి పదో రోజు కాకముందే నిర్మాత గారు నాకు కబురు పెట్టారు. కొత్త వాస్తు మనిషి ఆఫీసు చూసి వెళ్ళాడట.

"మేస్త్రీ, ఆ చెక్క విమానం పీకెయ్ రా. ఈశాన్యంలో బరువంట. దానివల్లే పోతున్నాయంట సినిమాలన్నీ."

"కంప్యూటరో సార్?"

"ఎవరికైనా ఇచ్చెయ్. లక్కు ఎప్పుడో అయిపోయింది దాంట్లో."

అంత తేలిగ్గా అన్నారు. ఒక మనిషి ఇన్నేళ్ళు అడిగితే కదలనిది, ముక్కూ ముఖం తెలియనివాడు వేలు చూపిస్తే కదిలింది.

మేడమ్‌కి ఫోను చేయించాను. ఆవిడ చీర కొంగు నడుముకి చుట్టుకుని, చేతిలో చిన్న డబ్బీతో వచ్చింది. అందులో చిప్పు.

"అప్పట్నించీ నా డ్రాయర్లోనే పడి ఉంది మేస్త్రీ గారూ. ఇప్పుడు దీన్ని ఎవరూ కొనరు. ఉత్తినే ఇచ్చినా పట్టుకుపోరు." కంప్యూటర్ మీద బొట్లు చూసి, "ఇప్పుడైతే ఎవరికీ అభ్యంతరం లేదుగా?" అంది.

మూత తీసింది. పాతది పైకి లేపింది. కొత్తది పెట్టి వేలితో నొక్కింది. బోర్డు మీద చిన్న ముక్క ఒకటి ఇటునుంచి అటు మార్చింది. నేను ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. ఆ కాస్త పనికి ఇన్నేళ్ళు!

కరెంటు పెట్టింది. ఆయన దాచిన చోటు వెతికి తెరిచింది. రన్‌వే ఎదురుగా వచ్చింది. మేడమ్ ఆట కదిలించింది.

నేల వచ్చింది. ఆగలేదు. ఇళ్ళు, రోడ్డు, తెల్లగీతలు, బట్టల తాను విప్పినట్టు జారుతూ వచ్చాయి. ఎక్కడా దూకలేదు. గాలికి విమానం కుడివైపు జరగడం మొదలైంది. నెమ్మదిగా ఒరుగుతోంది. పిడి పట్టుకునేవాడు లేడు. ఆయన ఇన్నేళ్ళు వెతికిన ఆ నడిమి క్షణం నా కళ్ళముందే నిదానంగా నడుస్తోంది. నేల మీద పడకముందే మేడమ్ మీట నొక్కి బొమ్మని అక్కడే నిలిపింది.

"మీకేమైనా తెలిసిందా మేస్త్రీ గారూ? పట్టుకునే టైముందా?"

"నాకేం తెలుస్తుందమ్మా."

"నాకూ తెలీదు. ఆయనైతే చెప్పేవారు."

గేటు దగ్గర గొడుగు పట్టుకున్న ఆ తల్లి గుర్తొచ్చింది. ఇల్లు ఎక్కడో అక్కగారిని అడిగి తెలుసుకోవచ్చు. వెళ్ళి ఏం చెప్పను? బొమ్మ ఇప్పుడు ఆగడం లేదమ్మా అని చెప్పనా?

మేడమ్ వెళ్ళిపోయింది. కంప్యూటర్ ఆపేయమని చెప్పి వెళ్ళింది. నేను స్క్రూలు విప్పడం వెనక నుంచి మొదలుపెట్టాను. చేతులు మెత్తగా పెట్టుకునే విప్పాను. పైకప్పు దించాను. పక్క చెక్కలు దించాను. ఆయన రోజూ కొట్టిన చోట రంగు పోయి చెక్క నున్నగా ఉంది. కుక్క వచ్చి ఎప్పటి చోట పడుకుంది. ఎవరూ "క్లియర్" అనలేదు కనక లేవలేదు.

పొద్దు వాలేసరికి చెక్కలన్నీ గోడకి చేరాయి. ఖాళీ షెడ్డులో కుర్చీ ఒకటి, దాని ముందు నల్లమద్ది పిడి, వెలుగుతున్న తెర మిగిలాయి. తెరలో రన్‌వే అంత దగ్గరగా ఉంది. గాలి ఎడమ నుంచే ఉంది. విమానం కొంచెం ఒరిగి, నేలకి ఇంకా తగలకుండా, అలాగే ఆగి ఉంది.